పెద్ద సంఖ్యను చేత్తో విప్పడం ఎలా: 533201533201 ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

ఫోన్ నంబరో, బండి నంబరో, పాస్‌బుక్కు మీది ఖాతా నంబరో రాసి పంపి, దాని గణిత లక్షణాలన్నీ క్రమపద్ధతిలో ఎలా రాబట్టాలో చెప్పమని అమలాపురం, రాజోలు, రామచంద్రపురం వైపు నుంచి పాఠకులు చాలాకాలంగా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ జవాబు రాయడం కంటే, ఒకే సంఖ్యను తీసుకుని మొదటి గీత నుంచి చివరి సరిచూపు వరకూ పని మొత్తాన్ని చూపించడం మేలనిపించింది. అమలాపురం పిన్‌కోడ్ 533201ను పక్కపక్కనే రెండుసార్లు రాస్తే 533201533201 వస్తుంది. పన్నెండంకెల ఈ సంఖ్యను కాలిక్యులేటర్ లేకుండా, కాగితం మీదే విప్పుదాం.

1. అది లెక్కా, కొలతా? ముందు తేల్చుకోండి

కారణాంకాలు, శేషాలు, ప్రధానత్వం అనేవి కచ్చితమైన పూర్ణసంఖ్యలకే వర్తిస్తాయి. ధవళేశ్వరం దగ్గర వరద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 13 లక్షలకు రెండోదాన్ని, 17 లక్షలకు మూడోదాన్ని ఇస్తారు. అక్కడ నమోదయ్యే ప్రవాహం కొలత. దాని చివరి అంకెలు అంచనా మీద ఆధారపడినవి. 10 లక్షలను 2⁶ × 5⁶ అని విప్పినా అది నది గురించి ఏమీ చెప్పదు. అదే బ్యారేజీకి ఉన్న 175 గేట్లు లెక్కపెట్టినవి; 175 = 5 × 5 × 7 అంటే, ఆ గేట్లను ఏడేసి చొప్పున 25 జట్లుగా చేస్తే ఒక్కటీ మిగలదని అర్థం. మీ చేతిలోని సంఖ్య ఈ రెండో రకానిదైతేనే ముందుకు సాగండి.

2. సామగ్రి, సంఖ్యను రాసుకునే తీరు

కావలసినవి నాలుగే: గళ్ల లెక్కల పుస్తకం, పెన్సిల్, ఎర్ర పెన్ను, 100 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక. పట్టికలో 25 సంఖ్యలుంటాయి: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61, 67, 71, 73, 79, 83, 89, 97. 91 ఇందులో లేదని గమనించండి. అది 7 × 13. ప్రధాన సంఖ్యలా కనిపించే 91, 51, 57, 87 పట్టికలో చొరబడితే అనవసరపు భాగహారాలు పెరుగుతాయి.

గడికి ఒక్క అంకె చొప్పున సంఖ్యను రాయండి, పక్కన అంకెల సంఖ్యను కూడా రాయండి. మన సంఖ్యకు 12 గళ్లు నిండాలి. ఈ సలహా అనుభవం మీద చెబుతున్నాను. ఒకప్పుడు ఈ సంఖ్యనే గళ్లు లేని కాగితం మీద ఎక్కించుకుంటూ మొదటి సున్నాను వదిలేసి 53321533201 అని రాశాను. ఒక సాయంత్రం మొత్తం భాగించినా రావలసిన కారణాంకం రాలేదు. మర్నాడు అంకెలు లెక్కపెడితే పదకొండే ఉన్నాయి.

3. కామాల చిక్కు

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే కాబట్టి దీన్ని నిదానంగా చదవండి.

మన సంఖ్యను మన పద్ధతిలో రాస్తే 5,33,20,15,33,201 అవుతుంది. చదివితే 53,320 కోట్ల 15 లక్షల 33 వేల 201. కుడివైపున మొదటి కామా మూడంకెల తర్వాత, ఆపైన ప్రతి రెండంకెలకూ ఒక కామా పడుతుంది. చదవడానికి ఈ పద్ధతి ఎంతో బాగుంటుంది. భాజనీయతా పరీక్షలకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే కొన్ని పరీక్షలకు అంకెలను కుడి నుంచి రెండేసి చొప్పున, మరికొన్నిటికి మూడేసి చొప్పున విడగొట్టాలి. మన కామాలు ఈ రెండింటిలో దేనికీ సరిపోవు.

చిన్న ఉదాహరణ చూడండి. 1,00,100ని 7 నిశ్శేషంగా భాగిస్తుందా? మూడంకెల జట్లు చేస్తే 100, 100 వస్తాయి. కుడిదానిలోంచి ఎడమదాన్ని తీసేస్తే 0, కాబట్టి భాగిస్తుంది. కామాలనే నమ్ముకుని 100, 00, 1 అని విడగొట్టి ఒకదాన్ని కలుపుతూ ఒకదాన్ని తీసేస్తూ పోతే 100 − 0 + 1 = 101 వస్తుంది; 101ని 7 భాగించదు కాబట్టి భాగించదని తప్పుడు జవాబు తేలుతుంది.

అందుకని గళ్లలో రాసిన సంఖ్యను కామాలు లేకుండా ఉంచి, కుడి నుంచి ప్రతి రెండంకెలకూ పైన ఎర్రగీత, ప్రతి మూడంకెలకూ కింద పెన్సిల్ గీత పెట్టండి.

- రెండంకెల జట్లు: 53 | 32 | 01 | 53 | 32 | 01
- మూడంకెల జట్లు: 533 | 201 | 533 | 201

4. భాగించే ముందు సంఖ్యను తేరిపార చూడండి

అంకెల అమరికలో పునరావృతం ఉందేమో ముందే వెతకండి. మన సంఖ్యలో ఆరంకెల ముక్క రెండుసార్లు వచ్చింది. అంటే అది 533201 × 1000000కు మరో 533201 కలిపినది, ఒక్క మాటలో 533201 × 1000001. పన్నెండంకెల పని ఇలా ఒక ఆరంకెల పనిగా, ఒక ఏడంకెల పనిగా విడిపోయింది.

ఈ చూపు ఎంత పని తగ్గిస్తుందో గమనించండి. ఒక సంఖ్యకు ఒకటికి మించిన ప్రధాన కారణాంకాలు ఉంటే, వాటిలో కనీసం ఒకటి దాని వర్గమూలాన్ని మించదు. మన సంఖ్య వర్గమూలంలోని పూర్ణభాగం 7,30,206. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు 50 వేలకు పైనే. 533201 వర్గమూలం 730కి కొద్దిగా ఎక్కువ. అంతవరకూ ఉన్నవి 129. ఆ 129 కూడా అక్కర్లేదని 6వ మెట్టులో తేలుతుంది.

5. త్వరిత పరీక్షలు, ఈ వరుసలోనే

(అ) చివరి అంకె 1 కాబట్టి 2, 5 భాగించవు.

(ఆ) అంకెల మొత్తం 28. దీన్ని 3 గానీ 9 గానీ భాగించవు. 9తో శేషం 1 అని పక్కన రాసుకోండి; తర్వాత అవసరమవుతుంది.

(ఇ) రెండంకెల జట్లను కలిపితే 53 + 32 + 01 + 53 + 32 + 01 = 172. వందల భాగాన్ని మిగతాదానికి కలిపితే 1 + 72 = 73. ఈ మొత్తం 99తో వచ్చే శేషం. 99లో 9, 11 రెండూ ఉన్నాయి. 73ను 11తో భాగిస్తే శేషం 7. 11 భాగించదు. ఈ 7ను కూడా రాసి పెట్టుకోండి.

(ఈ) అవే జట్లను కుడి నుంచి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ వెళ్తే 01 − 32 + 53 − 01 + 32 − 53 = 0. ఇది 101 పరీక్ష. సున్నా వచ్చింది కాబట్టి 101 మన సంఖ్యకు కారణాంకం.

(ఉ) మూడంకెల జట్లతో అదే పని చేస్తే 201 − 533 + 201 − 533 = −664. 1001 = 7 × 11 × 13 కాబట్టి ఈ ఒక్క ఫలితంతో మూడు పరీక్షలూ పూర్తవుతాయి. 664ను 7తో భాగిస్తే 6, 11తో భాగిస్తే 4, 13తో భాగిస్తే 1 మిగులుతాయి. మూడూ భాగించవు.

101 దొరికింది గనుక 1000001ని దానితో భాగించండి: 1000001 = 101 × 9901.

6. వరుస భాగహారం: 533201 వంతు

ప్రధాన సంఖ్యల పట్టికను పక్కన పెట్టుకుని చిన్నదాని నుంచి మొదలుపెట్టి, ఒక్కటీ వదలకుండా భాగించాలి. శేషాన్ని తప్పక రాయాలి. "పోలేదు" అని రాసి వదిలేస్తే తర్వాత తప్పు వెతకడానికి దారి ఉండదు. 75 కిలోల బస్తాలకు ఎత్తిన తర్వాత కళ్లంలో ఎంత ధాన్యం మిగిలిందో రైతు ఎంత జాగ్రత్తగా చూస్తాడో, శేషాన్ని అంత జాగ్రత్తగా చూడండి.

2, 3, 5 ఇందాకటి కారణాలతోనే పోయాయి. మిగతావి:

- 7తో శేషం 4, 11తో 9, 13తో 6
- 17తో 13; 19తో 4; 23తో 15
- 29తో 7, 31తో 1, 37తో 31
- 41తో 37, 43తో 1, 47తో 33
- 53తో 21, 59తో 18
- 61తో శేషం 0

61తో భాగహారాన్ని దగ్గరగా చూడండి. 533లో 61 ఎనిమిదిసార్లు పోతుంది (488), మిగిలింది 45. కింద 2 దించితే 452. ఏడుసార్లు (427), మిగిలింది 25. 0 దించితే 250. నాలుగుసార్లు (244), మిగిలింది 6. చివరి 1 దించితే 61. ఒకసారి, మిగిలింది సున్నా. భాగఫలం 8741. ఆ సున్నాను దించడం మరిచి నేరుగా 251 అని రాసేవారిని చాలామందిని చూశాను. దించిన ప్రతి అంకె మీదా చిన్న చుక్క పెడితే ఈ తప్పు జరగదు.

కారణాంకం దొరికిన మరుక్షణం రెండు పనులు చేయాలి. ఇకమీదట 533201ని వదిలి 8741తోనే పని సాగించాలి. హద్దును, అంటే ఎంతవరకూ భాగించి చూడాలో చెప్పే వర్గమూలాన్ని, మళ్లీ లెక్కించాలి: 93² = 8649, 94² = 8836, కాబట్టి కొత్త హద్దు 93. 59 వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలేవీ 533201ని భాగించలేదు కాబట్టి 8741ని కూడా భాగించవు. వాటిని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. 61ని మాత్రం మరోసారి ప్రయత్నించాలి, ఎందుకంటే ఒకే ప్రధాన సంఖ్య రెండుసార్లు ఉండవచ్చు.

8741కి శేషాలు ఇవి: 61తో 18, 67తో 31, 71తో 8, 73తో 54, 79తో 51, 83తో 26, 89తో 19. హద్దు దాటాం. 8741 ప్రధాన సంఖ్య.

7. 9901 ప్రధానమా? దగ్గరి దారి

9901కి హద్దు 99. పట్టికలోని సంఖ్యలన్నిటితో భాగించి చూడవచ్చు, అది తప్పేమీ కాదు. దీనికి మాత్రం చక్కని దగ్గరి దారి ఉంది. 9901 = 10⁴ − 10² + 1. ఇలాంటి సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య, 2, 3 కానిదైతే, 12తో భాగించినప్పుడు 1 మిగిలేదే అయి ఉండాలి. ఫెర్మా చిన్న సిద్ధాంతం నుంచి ఇది వస్తుంది. 99 లోపు అలాంటివి 13, 37, 61, 73, 97 అనే ఐదే. శేషాలు వరుసగా 8, 22, 19, 46, 7. 9901 కూడా ప్రధానమే. సిద్ధాంతం మీద పట్టు చిక్కేదాకా, నిస్సంకోచంగా పట్టిక మొత్తంతో భాగించండి.

ఇప్పుడు పూర్తి విభజన రాయవచ్చు:

533201533201 = 61 × 101 × 8741 × 9901

8. సరిచూపు: తొమ్మిదితో ఒకసారి, పదకొండుతో ఒకసారి

నాలుగు కారణాంకాలకు 9తో శేషాలు 7, 2, 2, 1. గుణిస్తే 28; 9తో శేషం 1. ఇందాక రాసుకున్నదీ 1. సరిపోయింది.

11తో శేషాలు 6, 2, 7, 1. గుణిస్తే 84, 11తో శేషం 7. ఇదీ సరిపోయింది.

రెండూ ఎందుకు చేయాలంటే, తొమ్మిది పరీక్ష ఒక్కటే చాలదు. సున్నా జారిపోయినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అంకెల మొత్తం మారదు. నేను సున్నా వదిలేసి రాసిన 53321533201కి కూడా అంకెల మొత్తం 28, 9తో శేషం 1. అందుకే ఆ రోజు తొమ్మిది పరీక్షకు తప్పు దొరకలేదు. 11తో మాత్రం ఆ తప్పు సంఖ్యకు శేషం 2, అసలుదానికి 7. పదకొండు పరీక్ష ఆ రోజే చేసి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది.

9. విభజన నుంచి రాబట్టే లక్షణాలు

విభజన చేతికొచ్చాక మిగతావన్నీ గుణకారాలే.

కారణాంకాల సంఖ్య: ప్రతి ప్రధాన సంఖ్య ఘాతానికి 1 కలిపి, వచ్చినవాటిని గుణించాలి. మనకు నాలుగు ఘాతాలూ 1 కాబట్టి 2 × 2 × 2 × 2 = 16. వాటిని జతలుగా రాస్తే ఏదీ తప్పిపోదు. ప్రతి జత లబ్ధమూ మన సంఖ్యే కావాలి.

- 1, 533201533201
- 61, 8741008741
- 101, 5279223101
- 6161, 86544641
- 8741, 61000061
- 9901, 53853301
- 533201, 1000001
- 603961, 882841

వర్గ సంఖ్యా, కాదా: ఏ ప్రధాన సంఖ్యా రెండోసారి రాలేదు. కాబట్టి ఇది వర్గం కాదు. 1 తప్ప మరే వర్గ సంఖ్యా దీన్ని భాగించదు.

కారణాంకాల మొత్తం: ప్రతి ప్రధాన సంఖ్యకూ 1 కలిపి గుణించాలి: 62 × 102 × 8742 × 9902 = 5,47,42,62,08,016. ఘాతాలన్నీ 1 అయినప్పుడే ఈ సులువు సూత్రం పనిచేస్తుందని మరవకండి; 5² ఉంటే 1 + 5 + 25 = 31 తీసుకోవాలి. ఈ మొత్తంలోంచి సంఖ్యను తీసేస్తే 14,22,46,74,815 మిగులుతుంది. ఈ మిగిలినది సరిగ్గా ఆ సంఖ్యకే సమానమైతే దాన్ని పరిపూర్ణ సంఖ్య అంటారు. ఇది సంఖ్య కంటే బాగా తక్కువ కాబట్టి మనది పరిపూర్ణ సంఖ్య కాదు, దానికి ఎంతో దిగువనే ఉంది.

పరస్పర ప్రధానాంకాలు: దీనికంటే చిన్నవై, 1 తప్ప దీనితో మరే ఉమ్మడి కారణాంకమూ లేని సంఖ్యల లెక్కకు ప్రతి ప్రధాన సంఖ్యలోంచీ 1 తీసి గుణించాలి: 60 × 100 × 8740 × 9900 = 5,19,15,60,00,000. ఇంత గుండ్రని సంఖ్య రావడం చూసినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

10. రెండు వర్గాల మొత్తంగా రాయడం

నా మటుకు ఈ సంఖ్యలో అన్నిటికన్నా అందమైన లక్షణం ఇదే. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య బేసిసార్లు రాకపోతే, ఆ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు. మన నాలుగు ప్రధాన సంఖ్యలకూ 4తో శేషం 1. కాబట్టి తప్పకుండా కుదురుతుంది.

ముందు ఒక్కొక్కదాన్నీ విడిగా రాయాలి:

- 61 = 5² + 6²
- 101 = 10² + 1²
- 8741 = 50² + 79²
- 9901 = 99² + 10²

8741కి జత వెతకడానికి 93² నుంచి ఒక్కొక్క వర్గాన్నే తీసేస్తూ, మిగిలింది వర్గమో కాదో చూస్తూ దిగాలి. 79² = 6241 దగ్గర 2500 మిగులుతుంది; అది 50².

తర్వాత రెండేసి జతలను కలపాలి. 5, 6 ఒక జత. 50, 79 ఇంకో జత. 5 × 50 + 6 × 79 = 724; 5 × 79 − 6 × 50 = 95. కాబట్టి 533201 = 724² + 95². కూడిక, తీసివేతల చోట్లు మారిస్తే రెండో దారి వస్తుంది: 5 × 79 + 6 × 50 = 695; 6 × 79 − 5 × 50 = 224. అంటే 533201 = 695² + 224².

1000001 = 1000² + 1² అని చూడగానే తెలుస్తుంది; దానికి 980² + 199² అనే రెండో రూపం కూడా ఉంది. 724, 95 జతను 1000, 1 జతతో కలిపితే

533201533201 = 724095² + 94276²

వర్గాలు విడిగా 524313569025, 8887964176, కూడి చూసుకోండి. మొత్తం ఎనిమిది రూపాలు ఉంటాయి. మిగిలిన ఏడింటినీ ఇదే పద్ధతిలో మీరే రాబట్టవచ్చు.

11. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

హద్దును మార్చకపోవడం అన్నిటికన్నా ఎక్కువ సమయం తినే తప్పు. 61 దొరికాక కూడా 730 వరకూ భాగిస్తూ పోయేవారున్నారు. భాగఫలం మారిన ప్రతిసారీ కొత్త హద్దును పేజీ పైన ఎర్రపెన్నుతో రాయండి.

హద్దుకు ముందే ఆగి "ప్రధానమే" అని రాసేయడం దీనికి వ్యతిరేకమైన తప్పు. పట్టికలో హద్దు వరకూ ఉన్న ప్రతి ప్రధాన సంఖ్య ఎదుటా ఒక శేషం కనబడాలి. ఖాళీ ఉంటే పని పూర్తికానట్టే.

భాగఫలం మధ్యలో సున్నా జారిపోవడం మూడోది. భాగఫలాన్ని భాజకంతో గుణించి శేషం కలిపితే మొదటి సంఖ్య తిరిగి రావాలి. కారణాంకం దొరికిన చోటైనా ఈ సరిచూపు తప్పక చేయండి.

12. చివరిగా టిక్కు పెట్టుకోవలసినవి

- సంఖ్య కచ్చితమైన లెక్క, అంకెల సంఖ్య సరిచూశాను
- కామాలు తీసి రెండేసి, మూడేసి జట్లు గీశాను
- పునరావృతం ఉందేమో చూశాను
- 2, 3, 5, 7, 9, 11, 13, 101 పరీక్షలు చేశాను
- ప్రతి భాగహారానికీ శేషం రాశాను, హద్దు మార్చాను
- 9తో, 11తో సరిచూశాను
- కారణాంకాలను జతలుగా రాశాను

ఇదే పద్ధతిలో కాకినాడ పిన్‌కోడ్ 533001ని విప్పి చూడండి. అంకెల మొత్తం 12 కాబట్టి 3 భాగిస్తుంది. మూడంకెల జట్లలో 1 − 533 = −532; 532 = 7 × 76 కాబట్టి 7 కూడా భాగిస్తుంది. చివరికి 3 × 7 × 17 × 1493 వస్తుంది. ఇక్కడ 3, 7 రెండూ 4తో భాగిస్తే 3 మిగిలేవే, రెండూ ఒక్కోసారే వచ్చాయి. అందువల్ల 533001ని రెండు వర్గాల మొత్తంగా రాయడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ సంఖ్యతో 10వ మెట్టు ఎక్కనక్కర్లేదు.